గోధుమరంగు బోర్డులు

పందొమ్మిది ఊళ్లు, పందొమ్మిది బోర్డులు.
హొసకోట ఆఫీసులో చేతికిచ్చిన జాబితా
జేబులో చెమటకి తడిసి
రెండో కాగితం మొదటిదాన్ని వదలనంటోంది.
గోధుమరంగు నేల, తెల్లటి అక్షరం,
కింద ఒక బాణం, పక్కన ఎంత దూరమో ఒక అంకె.
ఇంతే పని. చరిత్ర వాళ్లది, ఎనామెల్ నాది.

రాసేది కన్నడం. మా ఇంట్లో లెక్కలూ తిట్లూ తెలుగు.
రెండు లిపులూ ఒక్క కడుపున పుట్టినవే,
తగాదా అంతా తలకట్టు దగ్గరే.
మధ్యాహ్నం ఎండకి చెయ్యి మావైపు తిరిగితే
ఇంజనీరు కళ్లద్దాలు పైకి తోసి
"ఏమప్పా, ఇది అనంతపురమా?" అంటాడు.
టర్పెంటైన్ గుడ్డతో మా తలకట్టు తుడిచేస్తాను.

మొదటిది కోట.
ఎక్కడండీ అంటే టీకొట్టాయన
గ్లాసు కడుగుతూనే గడ్డంతో చూపించాడు.
నడుమెత్తు మట్టిగోడ, దానిమీద గుమ్మడితీగ.
"ఎవరు పడగొట్టారు?"
"వానలు."

నాలుగోది చిన్నపట్టాల నాటి స్టేషను.
టికెట్ల కిటికీ లోపల పట్టుగూళ్ల బస్తాలు.
గడియారం ఉండినచోట గుండ్రటి మచ్చ.
నా వెంట ఉన్న అన్సర్, పదిహేడేళ్లవాడు,
దానికింద నిలబడి తన వాచీ సరిచేసుకున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

కొండ్రగానహళ్లి మీదుగా విమానాలు దిగుతాయి.
నాలుగు నిమిషాలకొకసారి మాట ఆగాలి.
అందుకే ఆ ఊరివాళ్ల వాక్యాలు పొట్టి.
కాఫీ తాగుతావా అనేది కూడా
సగం ఇప్పుడు, సగం విమానం పోయాక.

తొమ్మిదో నంబరు, మంటపం.
వెళ్లి చూస్తే ప్లాట్లు. సున్నంరాళ్లు, నంబర్లు,
"తూర్పు ముఖం, ఇంకా మూడే" అని ఫ్లెక్సీ.
వాచ్‌మన్ రాచప్ప చెప్పులు విప్పి పెట్టుకున్న మెట్టు మాత్రం
మెట్టు కాదు, పడుకోబెట్టిన స్తంభం,
దానిమీద ఒక హంస, ముక్కు అరిగిపోయింది.
ఇంజనీరుకి ఫోన్ చేశాను, బాణం ఎటు గీయాలని.
"ఎటైనా గీయప్పా, బిల్లు పాసవ్వాలి కదా."
ఆకాశంవైపు గీద్దామన్నాడు అన్సర్.
కుడివైపు గీశాను. అర కిలోమీటరు.

పదిహేడోది బైచబావిపురం.
వీరగల్లు, పేరు తెలియదు, అని ఉంది కాగితంలో.
బోరుబావి పక్కన పిళ్లక్క దానిమీదే గుడ్డలుతుకుతోంది.
రాతిమనిషి భుజంమీద విల్లు,
కాళ్లదగ్గర నాలుగు ఆవులు,
ఆవుల మధ్యన నీలంసబ్బు.
తడిగుడ్డ ఎత్తినప్పుడల్లా అతని ముఖం బయటికొస్తుంది,
మళ్లీ ఎవరిదో లుంగీ కిందికి పోతుంది.

"పేరు తెలీదని ఎవురన్నారు?
మమ్మల్నడిగినారా?
పెద్దబోయ. మా అత్త చెప్పింది, వాళ్లత్త ఆమెకి చెప్పింది.
ఆవులకోసం పోయినాడు.
దొంగలు తెల్లావుని మాత్రం తోలుకుపోయినారు."
తెల్లావు సంగతి చెప్పేటప్పుడు
నిన్న జరిగినట్టే గొంతు తగ్గించింది.

జాబితాలో లేనిది రాయకూడదు.
లెక్కపెట్టి అక్షరానికి డబ్బులిచ్చే పని ఇది.
కాబట్టి "పేరు తెలియదు" అనే రాశాను, అందంగా, నీడలు కూడా పెట్టి.
ఆ తర్వాత, కింది మూలన
నా ఫోన్ నంబరు వేసుకునే చోట
నంబరు వేయలేదు.
చిటికెనవేలంత బ్రష్‌తో
పెద్దబోయ అని రాశాను,
మా తలకట్లతో.

ఇంజనీరు వచ్చాడు, ఫోటో తీసుకున్నాడు,
ఆ మూల పెయింటరు పేరనుకున్నాడేమో,
"పనికొస్తావు పెద్దబోయా" అని వీపు తట్టి వెళ్లాడు.

అడుగున రంగు మిగిలింది, పావు డబ్బా.
పిళ్లక్క మేకలకొట్టం తలుపుకి కొట్టమంది.
కొట్టాం. అన్సర్ ఊరుకోక
తెల్లటి అంచు కూడా గీశాడు.

మొన్న ఆదివారం బాకీ వసూలుకి అటుపోతే
బెంగళూరు నుంచి బుల్లెట్ మీదొచ్చిన జంట
హెల్మెట్లు తీసి
మేకలకొట్టం ముందు ఫోటో దిగుతున్నారు.
పిళ్లక్క గుడ్డలు పిండుతూ చూస్తోంది.
"ఎన్నేళ్లదమ్మా ఇది?" అనడిగిందా అమ్మాయి.
నెత్తిమీద విమానం వచ్చింది.
పిళ్లక్క ఏదో చెప్పింది,
చేతులతో చాలా పెద్ద అంకె చూపిస్తూ.